ఆ పేజీ పొంగిన వేళలు

నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. ఈ మాట ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది. ఎందుకంటే ఇప్పుడు రాయబోయేది ఒకసారి మా చర్చిలో చెబితే, ఇద్దరు ఆంటీలు విడివిడిగా నా దగ్గరికొచ్చి పాస్టర్ గారితో ప్రార్థన పెట్టిద్దామా అని అడిగారు. నాకు నవ్వొచ్చింది, కాస్త కోపం కూడా వచ్చింది.

గుంటూరులో నాలుగేళ్లు, ఈ దేశం వచ్చాక బెల్‌ఫాస్ట్‌లో ఇరవై ఆరేళ్లు కాన్పుల వార్డులో మిడ్‌వైఫ్‌గా పనిచేశాను. ప్రతి ఆస్పత్రిలోనూ ఏదో ఒక గది గురించి కథలుంటాయి. తోటి నర్సులు అలాంటి గది పేరెత్తితేనే సిలువ గుర్తు వేసుకునేవాళ్లు. నేను అందులోనే కూర్చుని టీ తాగేదాన్ని. దయ్యం ఎదురుపడితే ముందు పల్స్ చూస్తాను, దొరక్కపోతే అప్పుడు భయపడతాను అనేదాన్ని. ఇప్పటికీ నా మాట అదే. జరిగింది మాత్రం రాస్తాను.

మోకాళ్లు అరిగిపోయి కాస్త ముందుగానే రిటైరయ్యాను. ఇంట్లో తోచక, సిటీలో ఒక పాత లైబ్రరీలో వారానికి మూడు రోజులు ఎగ్జిబిషన్ గది అటెండెంట్‌గా చేరాను. పనల్లా కుర్చీలో కూర్చోవడం, ఎవరైనా అద్దాల పెట్టె మీద మోచేతులు ఆనిస్తే వద్దని మర్యాదగా చెప్పడం, గంటకోసారి పెట్టెలో ఉన్న చిన్న మీటరు చూసి వేడి ఎంత, తేమ ఎంత అని షీట్‌లో రాయడం. ఏళ్ల తరబడి పేషెంట్ల చార్టులు రాసిన చెయ్యి కాబట్టి నాకిది ఆటలా ఉండేది. ఈ పేషెంటు మూలగదు, బెల్లు కొట్టదు అనుకునేదాన్ని.

ఆ గదికి అసలు ఆకర్షణ ఒక ప్రార్థన పుస్తకం. రెండు అరచేతులు కలిపితే అందులో ఇమిడిపోతుంది. అచ్చు యంత్రాలు రాకముందు ఫ్రాన్స్‌లో ఎవరో కూర్చుని అక్షరం అక్షరం చేత్తో రాశారు. ప్రతి పేజీ అంచునా పూలు, తీగలు, పిట్టలు, నిజమైన బంగారు రేకు. లైటు పడితే ఇప్పటికీ తళుక్కుమంటుంది. పక్కన చిన్న అట్టముక్క మీద, ఇది ఒక స్త్రీ కోసం తయారైన పుస్తకమనీ, ఆమె పేరు తెలియదనీ ఉంటుంది. స్త్రీ కోసమేనని ఎలా తెలుసని నేను చేరిన మొదటి వారమే అడిగాను. కొన్ని బొమ్మల్లో ఒక మూలన అదే మనిషి కనిపిస్తుందట, నీలం గౌనులో, మోకరించి, చేతులు జోడించుకుని.

ఇది చెప్పింది ఫియోనా. పుస్తకాలకు వైద్యం చేయడం ఆమె ఉద్యోగం. ఒకే పేజీకి ఎక్కువ రోజులు వెలుతురు తగలకూడదు కాబట్టి, కొన్ని వారాలకోసారి వచ్చి పెట్టె తెరిచి పేజీ మార్చి వెళుతుంది. అది కాగితం కాదు, దూడ చర్మం అని ఆమె చెబితే నేను కుర్చీలోంచి లేచి దగ్గరికెళ్లి చూశాను. వెంట్రుకల చుక్కలు కూడా కనిపించాయి. ఎన్ని వందల ఏళ్లయినా అది చర్మం గుణం మానదట. తేమ తగిలితే ఉబ్బుతుంది, ఆరిపోతే ముడుచుకుంటుంది. అందుకే ఆ మీటరు, అందుకే పేజీల అంచులు లేవకుండా పారదర్శకంగా ఉండే సన్నటి పట్టీలు.

వసంతం మొదట్లో ఆమె కొత్త పేజీ తిప్పింది. ఆ బొమ్మ చూసి నేనూ డెస్మండూ కాసేపు తల గోక్కున్నాం. డెస్మండ్ నాతోపాటు అటెండెంట్. ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన ఆయన. బొమ్మలో మొసలిలాంటి ఒక పెద్ద జంతువు ఉంది. దాని వీపు చీల్చుకుని ఒక అమ్మాయి నిటారుగా బయటికొస్తోంది, చేతులు జోడించి ఉంది. ఆమె గౌను కొస మాత్రం ఇంకా ఆ జంతువు నోట్లోనే ఉంది. కింద మూలన మన నీలం గౌను ఆవిడ మోకరించి ఉంది. ఆమెకు ముఖం లేదు. రంగంతా అరిగిపోయి చర్మం బయటపడింది.

ముఖం ఎవరు చెరిపారని ఫియోనాను అడిగితే, ఎవరూ చెరపలేదు, చదివినవాళ్లు ముద్దులు పెట్టీ పెట్టీ అరిగిపోయింది అంది. ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఆ మొసలి అమ్మాయి ఎవరో మాత్రం అడగలేదు. మా సంఘంలో పునీతుల, అంటే సెయింట్ల, సంగతి చెప్పరు. పేతురు, పౌలు దాటితే నాకెవరూ తెలియదు. అడిగి ఉండాల్సింది.

ముద్దుల మాట ఎందుకు తగిలిందంటే, మా ఇంట్లోనూ ఆడవాళ్లు అలా ముద్దులు పెట్టుకునే పుస్తకం ఒకటుంది. మా అమ్మమ్మ బైబిలు. అంచులకు ఎర్ర రంగు, చుట్టూ పాత నేతచీర ముక్క. మా ఇళ్లలో ఎవరికి నొప్పులొచ్చినా ఆ బైబిలు తలగడ కిందికి చేరాలి. బిడ్డ పుట్టాక మొదటి తెల్లపేజీలో బిడ్డ పేరు, పుట్టిన రోజు, వేళ, చివర్లో పురుడు పోసినవారి పేరు రాస్తారు. నా పేరు సుగుణ అని రాసిన వరసలో చివర మంత్రసాని సుబ్బులు పేరుంటుంది. మా అమ్మాయి ప్రిస్కిల్లా వరసలో బెల్‌ఫాస్ట్ మిడ్‌వైఫ్ పేరు తెలుగు అక్షరాల్లో ఉంటుంది. తల్లి పక్కన నిలబడి బిడ్డను అందుకున్న మనిషిని మరిచిపోకూడదని మా అమ్మమ్మ పెట్టిన పద్ధతి అది.

ఇక ప్రిసీ సంగతి చెప్పాలి. ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే, అదీ బెల్‌ఫాస్ట్ యాసలో. దానికి రెండు కాన్పులు పోయాయి. మొదటిది ఐదో నెలలో. అప్పుడు ఊరి నుంచి మా అమ్మ ఫోన్ చేసి మొదట అడిగిన మాట, "ఏమే సుగుణా, పిల్ల తలకింద బైబిలు పెట్టావా లేదా?" అని. నేను కసురుకున్నాను. అయినా ఆ మాట గుండెలో ముల్లులా ఉండిపోయింది. రెండోసారి ఏడో నెలలో నొప్పులొస్తే, అన్నీ చదువుకున్నదాన్ని, ఆ బైబిలు పట్టుకెళ్లి దాని తలగడ కింద పెట్టాను. పాప ఏడవలేదు.

ఆ తర్వాత ప్రిసీ ఆ బైబిలును చూడలేకపోయింది. నన్ను కూడా కొన్నాళ్లు చూడలేకపోయింది. మూడోసారి నెల తప్పినప్పుడు వంటగదిలో నన్ను కూర్చోబెట్టి ఒకే మాట చెప్పింది. "ఈసారి అమ్మలా ఉండు మమ్మీ. మిడ్‌వైఫ్‌లా వద్దు." పొట్ట మీద చెయ్యి వేయకూడదు, కాళ్ల వాపు చూడకూడదు, పాప కదిలిందా అని అడగకూడదు. ఆ పుస్తకం ఇంటికి తేకూడదు. నేను మాటిచ్చాను. ఆ మాట తప్పితే బిడ్డ బతికినా నా కూతురు నాకు దక్కదని భయం. దానికి నా మీద మిగిలిన నమ్మకం కాస్తే.

ఎనిమిది నెలలు నోరు మూసుకుని ఆదివారాలు భోజనానికి వెళ్లి వచ్చాను. అన్నేళ్లు ఇతరుల పొట్టలు చూసిన నేను, నా సొంత కూతురి పొట్ట చూడకుండా పప్పు వడ్డించడం ఎంత కష్టమో ఎవరికి చెప్పుకోను.

పేజీ కదలడం మొదట చూసింది ప్రిసీకి ఎనిమిదో నెల నడుస్తుండగా. ఒక మంగళవారం పొద్దున, గదిలో ఎవరూ లేరు. మీటరు చూద్దామని వంగాను. మొసలి బొమ్మ ఉన్న పేజీ మధ్యలో మెల్లగా పొంగింది. అంచులు పట్టీల కింద కదలకుండా ఉన్నాయి, మధ్యభాగం మాత్రం లేచింది. కాసేపు అలాగే నిలబడి, మళ్లీ కుంగి చదునైపోయింది. చర్మం కదా, నా ఊపిరి తగిలిందేమో అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, మధ్యలో మందపాటి అద్దముంది.

భయమేం వేయలేదు. ఆసక్తి కలిగింది. మర్నాటి నుంచి నిఘా పెట్టాను. తలుపు తెరిచినప్పుడు పొంగుతుందా అని చూశాను, లేదు. హీటరు వెలిగినప్పుడా అంటే అదీ కాదు. బయట వీధిలో బస్సు వెళితే నేల అదురుతుందేమోనని కిటికీ దగ్గర నిలబడి చూశాను, ఐదు బస్సులు వెళ్లినా కదల్లేదు. స్కూలు పిల్లలు ముప్పైమంది వచ్చి పెట్టె చుట్టూ మూగితే రవ్వంత కూడా చలించలేదు. వాళ్లు వెళ్లిపోయి, గది ఖాళీ అయిన పావుగంటకు పొంగింది. మీటరు మాత్రం తేమ యాభై అని చూపిస్తూనే ఉంది. పొంగకముందూ యాభయ్యే, పొంగినప్పుడూ యాభయ్యే.

కళ్లజోడు మార్చాల్సొచ్చిందేమోనని డెస్మండ్‌ను పిలిచి చూపించాను. ఆయనా చూశాడు. ముసలి చర్మం, దానికి మాత్రం ఒళ్లు విరుచుకోవాలని ఉండదా అన్నాడు. ఫియోనాకు చెబితే వచ్చి గంటసేపు నిలబడింది. అప్పుడు ఒక్కసారి కూడా పొంగలేదు. మంచి డాక్టరు రాగానే జ్వరం తగ్గిపోయే పేషెంట్లుంటారు చూడండి, అలా. నేను సిగ్గుపడ్డాను. ఆమె మాత్రం మళ్లీ జరిగితే టైము రాసిపెట్టమంది. తేమ షీట్ వెనక ఖాళీగా ఉన్న వైపు రాయడం మొదలుపెట్టాను.

మూడు వారాలు రాశాను. రోజుకు రెండు, మూడు. ఏ లెక్కా కుదరదు. ఒకటి పదకొండింటికి, ఇంకొకటి రెండున్నరకు. ప్రతిసారీ అర నిమిషం, ముప్పావు నిమిషం. ఆ అంకెలు ఎక్కడో చూసినట్టుండేవి. ఎక్కడో మాత్రం తట్టలేదు.

ఆ గురువారం వర్షం. జనం లేరు. పదకొండు గంటలకు ఒకసారి పొంగింది. పదకొండూ పన్నెండు నిమిషాలకు మళ్లీ. తర్వాత పదకొండూ ఇరవై రెండు, పదకొండూ ముప్పై. నేను కుర్చీ పెట్టె పక్కకు లాక్కుని, నర్సు వాచీ చేత్తో పట్టుకుని కూర్చున్నాను. రిటైరైనా అది నా కోటుకు వేలాడుతూనే ఉంటుంది. పన్నెండు దాటేసరికి ఏడు నిమిషాలకొకటి. పన్నెండున్నరకు ఐదు. ఒక్కోటి నలభై సెకన్లు, యాభై సెకన్లు. మెల్లగా బిగిసి, పైకొచ్చి, కాసేపు నిలిచి, మెల్లగా వదులుతోంది.

నేను ఆలోచించకముందే నా చెయ్యి అద్దం మీద పడింది. ఎవరైనా చేస్తే నేనే వద్దనే పని. అరచెయ్యి చాచి, వేళ్లు విడదీసి, పొట్ట మీద ఎలా వేస్తానో అలాగే వేశాను. అప్పుడు తెలిసింది నేను ఏం రాస్తున్నానో. అవి నొప్పులు. నేను మూడు వారాలుగా ఒక కాన్పు చార్టు రాస్తున్నాను.

ఇది పిచ్చి అని నాకు తెలుసు. అప్పుడూ తెలుసు. ఒక పుస్తకం పేజీ చూసి కూతురికి ఫోన్ చేసి ఏమని అడగను? ఏమీ లేకపోతే, మాట తప్పినందుకు అది నన్ను క్షమించదు. ఫోన్ చేత్తో పట్టుకుని ఇంకో రెండు పొంగులు చూశాను. ఆ గదిలో ఫోన్ వాడకూడదు. పన్నెండూ యాభై రెండుకు డయల్ చేశాను.

ప్రిసీ ఇంటి నుంచే పనిచేస్తోంది, మీటింగులో ఉన్నాను, తర్వాత చేస్తానంది. గొంతు మామూలుగానే ఉంది. నేను ఒక్కటే అడిగాను.

"నడుం నొప్పిగా ఉందా తల్లీ?"

పొద్దుటి నుంచి ఉందనీ, నిన్న కర్టెన్లు తగిలించినందువల్లేననీ చెప్పింది. తర్వాత, నీకెవరు చెప్పారు అంది. పొట్ట మీద చెయ్యి వేసుకుని, గట్టిపడితే చెప్పమన్నాను. అది కోప్పడుతుందనుకున్నాను. ఏమనుకుందో, లైన్లో ఉండిపోయింది.

నా కళ్లు పేజీ మీదున్నాయి. రెండు నిమిషాలు గడిచాయి. మొసలి బొమ్మ మధ్యలో బంగారం మీది వెలుతురు కదిలింది. పేజీ లేవడం మొదలైంది.

"ఇప్పుడు," అంది ప్రిసీ ఫోన్లో.

వాచీ చూశాను. నలభై ఐదు సెకన్లకు పేజీ కుంగింది. అదే క్షణంలో ప్రిసీ, తగ్గింది మమ్మీ అంది. ఇద్దరం మళ్లీ ఆగాం. నాలుగు నిమిషాలు. ఫోన్లో దాని ఊపిరి వినబడుతోంది. మళ్లీ పేజీ లేచింది, మళ్లీ ప్రిసీ ఇప్పుడు అంది.

మధ్యలో పొట్ట మెత్తబడుతోందా అని అడిగాను. లేదంది, బల్లలా అలాగే ఉందంది. పాప కదిలిందా అని అడిగాను. ఎనిమిది నెలలుగా మింగుకున్న ప్రశ్న. దానికి ఏడుపొచ్చింది. పొద్దుటి నుంచి గుర్తులేదు, పనిలో పడిపోయాను అంది. నొప్పికీ నొప్పికీ మధ్య పొట్ట మెత్తబడకపోతే లోపల ఏం జరుగుతుండవచ్చో నాకు తెలుసు. లోపల నెత్తురు పోతున్నా బయటికి ఒక్క చుక్క కూడా కనబడదు. బ్యాగు వద్దు, ఏమీ వద్దు, జోయెల్‌ను పిలిచి ఇప్పుడే బయల్దేరండి అన్నాను. మా అల్లుడు అదృష్టం కొద్దీ పైగదిలోనే పనిచేసుకుంటున్నాడు. నేను మా పాత వార్డుకు ఫోన్ చేసి వస్తున్నారని చెప్పి పెట్టాను.

అప్పుడే డెస్మండ్ నన్ను లంచ్‌కు పంపడానికి వచ్చాడు. తర్వాత నేను చేసిన పనికి కారణం అలవాటు తప్ప ఇంకేం లేదు. నొప్పుల్లో ఉన్న మనిషిని చేతులు మార్చకుండా వదిలి వెళ్లకూడదు. పక్క నర్సుకు చార్టు అప్పగించి, ఎక్కడిదాకా వచ్చిందో చెప్పి, అప్పుడు గది దాటాలి. వాన కోటు వేసుకుంటూ ఆ షీటు డెస్మండ్ చేతిలో పెట్టి, పేజీ పొంగినప్పుడల్లా టైము రాయి, ఆగిపోతే అదీ రాయి అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. బస్సు నడిపిన మనిషి, టైములు రాయమంటే రాస్తాడు. మా అమ్మాయి కడుపుతో ఉందన్న సంగతి కూడా ఆయనకు తెలియదు. బెల్‌ఫాస్ట్‌లో సగం చర్చిలకు తెలుసు గానీ ఆయనకు మాత్రం నేనెప్పుడూ చెప్పలేదు.

నేను టాక్సీలో వెళ్లేసరికి ప్రిసీని అప్పటికే ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లారు. మాయ వెనక రక్తస్రావం. కారిడార్‌లో జోయెల్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను ఆ కారిడార్‌లో వందలమంది తల్లుల్ని ఓదార్చాను. ఆ రోజు ప్రార్థన చేద్దామంటే ఒక్క వాక్యం గుర్తురాలేదు. చేతులు మాత్రం జోడించుకుని నిలబడ్డాను. కళ్లు మూసుకుంటే నీలం గౌను కనబడింది, ముఖం లేకుండా.

పాప ఏడ్చింది. పిల్లి కూన అరిచినంత సన్నగా, కానీ ఏడ్చింది. డాక్టరమ్మ బయటికొచ్చి, ఇంకో అరగంట ఆలస్యమైతే ఈ మాట మరోలా చెప్పాల్సి వచ్చేదంది. అంత నీరసంలోనూ నేను ఆవిడ చెయ్యి వదల్లేదు.

మూడో రోజు లైబ్రరీకి వెళ్లాను, ఇంకో వారం సెలవు అడుగుదామని. డెస్మండ్ ఆ షీటును ప్లాస్టిక్ కవరులో పెట్టి భద్రంగా దాచాడు. నా రాత కింద ఆయన రాత, బస్సు టైమ్‌టేబుల్‌లా ఒకదాని కింద ఒకటి. మొదట నాలుగేసి నిమిషాలు, తర్వాత మూడు, చివరికొచ్చేసరికి రెండు. ఆఖరి వరసలో, రెండూ పద్నాలుగుకు ఒక్కసారిగా చదునైపోయింది, మళ్లీ లేవలేదు అని ఉంది. సాయంత్రం మూసేదాకా చూశాను గానీ ఇంకేం లేదని, ఏదో తన తప్పన్నట్టు చెప్పాడు.

నేను అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాను. ఆ ముందు రోజంతా నేను పాపను ఉంచిన ఇంక్యుబేటర్ పెట్టె పక్కన కూర్చుని ఉన్నాను. ఆ పెట్టెకు ఒక కార్డు కట్టి ఉంటుంది. తల్లి పేరు, బరువు, పుట్టిన వేళ. ఆ వేళ రెండూ పద్నాలుగు.

ఫియోనాకు అంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. మీటరు లోపల నిమిషం నిమిషం నమోదవుతుందట, దాన్ని కంప్యూటర్‌కు తగిలించి చూసింది. ఆ గురువారం మధ్యాహ్నమంతా తేమ గీత సూటిగా ఉంది, గీసిపెట్టినట్టు. తేమ మారకుండా ఆ చర్మం కదలదు, ఎలా కదిలిందో నాకు తెలియదు అంది. తర్వాత నన్నే వింతగా చూసి, ఆ బొమ్మ ఎవరిదో మీకు తెలుసు కదా అని అడిగింది. మొసలి అమ్మాయి అన్నాను.

ఆమె పేరు మార్గరెట్ అట. ఆ మొసలిలాంటిది ఘటసర్పం, అంటే డ్రాగన్ అట; అది మింగేస్తే దాని కడుపు చీల్చుకుని చెక్కుచెదరకుండా బయటికొచ్చిందని కథ. అందుకని ఆ రోజుల్లో నొప్పులు పడే ఆడవాళ్లు ఆమెకు మొక్కుకునేవారట. ఆ పేజీ తెరిచి మంచం పక్కన చదివేవారు, కొందరైతే పుస్తకాన్నే పొట్ట మీద పెట్టుకునేవారు. "మిడ్‌వైఫ్ కదా, తెలిసే ఆ పేజీ దగ్గర కూర్చుంటున్నారనుకున్నాను," అంది ఫియోనా. నాకు తెలియదన్నాను. మా ఇంట్లో అయితే తలగడ కింద పెడతామని మాత్రం చెప్పాను.

ఆ ఆవిడ బిడ్డ బతికిందా అని అడిగాను. పేరే తెలియనప్పుడు బిడ్డ సంగతి ఎలా తెలుస్తుందంది.

నాకు నేనే చాలా సర్దిచెప్పుకున్నాను. ఆ ముందు ఆదివారం ప్రిసీ నడక చూసి నా బుర్ర ఏదో పసిగట్టి ఉంటుంది, పైకి తేలకుండా లోపల మెలిపెట్టి ఉంటుంది, అందుకే కదలని చోట కూడా కదలిక కనబడి ఉంటుంది అనుకున్నాను. నన్ను నేను నమ్మకుండా ఉండగలను. ఫోన్లో ప్రిసీ గొంతు విని, ఆ క్షణాలు నేనే కలుపుకున్నానని కూడా ఒప్పుకోగలను. కానీ డెస్మండ్ రాసిన వేళలున్నాయి. ఆయన ఎవరి గొంతూ వినలేదు, ఎవరి గురించీ బెంగపడలేదు. ఆ కాగితం దగ్గరికొచ్చేసరికి నా వాదన ఆగిపోతుంది.

ప్రిసీకి చెప్పడానికే ఎక్కువ భయపడ్డాను. పాపను ఇంటికి తెచ్చుకున్నాక ఒక మధ్యాహ్నం అదే అడిగింది, నీకెలా తెలిసిందని. చెప్పాను. అది ఇన్సూరెన్స్ ఆఫీసులో అంకెలతో పనిచేసే మనిషి. షీటు అడిగి తీసుకుని, తన ఫోన్లో నా కాల్ వచ్చిన టైము పక్కన పెట్టుకుని, పైనుంచి కిందికి వేలు పెట్టి చదివింది. ఆఖరి వరస దగ్గర వేలు ఆగింది. షీటు మడిచి తన దగ్గరే ఉంచుకుంది.

మరుసటి ఆదివారం నేను వెళ్లేసరికి, అమ్మమ్మ బైబిలు తెచ్చావా అంది. తెమ్మని నువ్వు చెప్పలేదుగా అంటే, ఇప్పుడు చెబుతున్నాను అంది. సోమవారం తీసుకెళ్లాను. పాప ఉయ్యాలలో పెట్టబోయింది. పసిబిడ్డ పడకలో ఏ వస్తువూ ఉండకూడదని మిడ్‌వైఫ్‌లాగే గట్టిగా చెప్పాను. నవ్వి తన తలగడ కింద పెట్టుకుంది. రెండేళ్ల తర్వాత అది నా ముందు అలా నవ్వడం అదే మొదలు.

ఎగ్జిబిషన్ అయిపోయింది. పుస్తకం మూసి లోపలి గదిలో పెట్టారు. దానికి ముందు ఫియోనా ఆ పేజీని ఇంకో నెల తెరిచే ఉంచింది, నా కోసమే అనుకుంటాను. డ్యూటీ ఉన్న రోజల్లా నేను చూశాను, డెస్మండూ చూశాడు. మళ్లీ ఎప్పుడూ కదల్లేదు. ఎందుకు కదిలిందో, ఎందుకు ఆగిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. దయ్యాల్ని నమ్మను అన్న మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. ఇది దయ్యం కాదు. ఇంకేమిటో చెప్పమంటే చెప్పలేను.

పాపకు రూతు అని పేరు పెట్టారు. బారసాల రోజున బైబిలు మొదటి పేజీలో రాయమని ప్రిసీ నాకే పెన్ను ఇచ్చింది, దానికి తెలుగు రాయడం రాదు కాబట్టి. పేరు రాశాను. రోజు రాశాను. వేళ, రెండూ పద్నాలుగు. పురుడు పోసినవారి పేరు దగ్గర, ఆ డాక్టరమ్మ పేరు మొదటి అక్షరం మొదలుపెట్టబోతుంటే ప్రిసీ నా చెయ్యి పట్టుకుంది.

"ఆవిడ పేరూ రాద్దాం. కానీ ముందు ఇంకొకరిది," అంది తెలుగులోనే.

ఎవరని నేను అడగలేదు. డాక్టరు పేరుకు పైన చోటు వదిలి, అద్దాల పెట్టె పక్కన అట్టముక్క మీద ఉన్నట్టే రాశాను. ఒక స్త్రీ. పేరు తెలియదు.